నూనె బావులు ఇంట్లో, పెట్రోల్ మాత్రం ఓడలో

[కెమెరా ముందు నేను, చేతిలో జీడిపప్పు ప్యాకెట్]

హాయ్ అందరికీ. ఇదిగో ఈ ప్యాకెట్ చూడండి, పలాస జీడిపప్పు, కాశీబుగ్గలో కొన్నా. ఆ మధ్య శ్రీకాకుళం వైపు ఒక పెళ్ళికెళ్ళి తిరిగొస్తుంటే, తెలిసినాయన ఒకరికి జీడి ఫ్యాక్టరీ ఉందంటే చూసిపోదాం అని ఆగాం. గోడౌన్‌లో గోనె సంచులు పైకప్పు దాకా పేర్చేసున్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే వాటి మీద రాసింది తెలుగు కాదు, ఒడియా కాదు, ఇంగ్లీషు కూడా కాదు, ఫ్రెంచి! బాబాయ్ ఇవెక్కడివి అంటే "ఐవరీ కోస్ట్‌వి బాబూ, ముందు బెనిన్ సరుకు కూడా బాగా వచ్చీది" అన్నారాయన, మదనపల్లి టమాటాలు అన్నంత మామూలుగా.

పక్కనే ఉద్దానం తోటలు కనిపిస్తూనే ఉన్నాయి, కానీ ఆ పంట ఈ ఫ్యాక్టరీలన్నిటికీ చాలదంట, సరే అర్థమైంది. నాకు అర్థం కానిది ఇంకోటి. నాలుగు కిలోల పిక్కలు కొడితే వచ్చేది సుమారు ఒక కిలో పప్పు. అంటే ఆ ఓడ సముద్రాలు దాటి మోసుకొచ్చేదాంట్లో ముప్పాతిక వంతు తొక్కే. చెట్టు వాళ్ళది, పిక్క వాళ్ళది, అక్కడే కొట్టి పప్పు అమ్ముకోవచ్చు కదా, తొక్కని ఆఫ్రికా నుంచి పలాస దాకా పంపడం ఏంటి?

ఇదే డౌట్‌ని కొంచెం పెద్దది చేస్తే ఇవాళ్టి వీడియో. భూమిలో అన్నీ ఉన్న దేశాలు తయారైన సరుకు మాత్రం బయట్నుంచి ఎందుకు కొంటాయి? "అక్కడ అవినీతండి", "వాళ్ళకి తెలివి లేదండి" అని కామెంట్ టైప్ చేసేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. అవినీతి ఉంది, నేనే చెప్తా, కానీ అదొక్కటే అయితే ఈ వీడియో రెండు నిమిషాల్లో అయిపోయేది.

[స్క్రీన్ మీద: నైజీరియా మ్యాప్, కింద నైజర్ డెల్టా]

నైజీరియా తీసుకుందాం. 1956లో ఒలోయిబిరి అనే ఊళ్ళో నూనె, అదే పెట్రోల్ తీసే ముడి చమురు, క్రూడ్ అంటాం, పడింది, 1958లో మొదటి ఓడ ఎక్స్‌పోర్ట్ అయింది, 1971లో నూనె అమ్ముకునే దేశాల సంఘం ఒపెక్‌లో చేరారు. ఆ నూనె కూడా మామూలుది కాదు, బానీ లైట్ అంటారు, పల్చగా ఉంటుంది, సల్ఫర్ తక్కువ, రిఫైనరీ వాళ్ళకి పెట్రోల్ తీయడానికి ఇంతకంటే తేలికైన సరుకు దొరకడం కష్టం. రిఫైనరీలు కట్టలేదా అంటే కట్టారు! పోర్ట్ హార్‌కోర్ట్‌లో రెండు, వారీలో ఒకటి, కడూనాలో ఒకటి, మొత్తం కలిపి రోజుకి 4,45,000 బ్యారెళ్ళ కెపాసిటీ, నాలుగూ గవర్నమెంటువే. ఆ దేశానికి కావాల్సిన దాంట్లో చాలా భాగం వీటితోనే సరిపోవాలి. కానీ ఏళ్ళకేళ్ళు కెపాసిటీలో ఐదో వంతు కూడా నడవలేదు, కొన్నేళ్ళయితే పూర్తిగా సున్నా. అందుకని ఏం చేసేవాళ్ళంటే క్రూడ్ ఇచ్చి దానికి బదులు పెట్రోల్ తీసుకునేవాళ్ళు, నేను వెటకారం ఆడట్లేదు, నిజంగానే కాంట్రాక్టులున్నాయి, వడ్లు ఇచ్చి బియ్యం తెచ్చుకున్నట్టు, కాకపోతే ఆ మిల్లు ఉన్నది నెదర్లాండ్స్‌లోనో బెల్జియంలోనో. 2022 ఫిబ్రవరిలో అలా వచ్చిన పెట్రోల్‌లో మెథనాల్ అనే కెమికల్ ఎక్కువైపోయి బళ్ళు పాడై, ఆ సరుకుని వెనక్కి లాగే గొడవలో అక్కడి పెద్ద నగరం లాగోస్‌లో బంకుల ముందు కిలోమీటర్ల క్యూలు. అదీ క్రూడ్ అమ్ముకునే దేశంలో.

సరే ఆ నాలుగు రిఫైనరీలు ఎందుకు పడుకున్నాయి? రిఫైనరీ అంటే కట్టి వదిలేసేది కాదు, కొన్నేళ్ళకోసారి మొత్తం ఆపి, విప్పి, పైపులు కడిగి, అరిగినవి మార్చి మళ్ళీ బిగించాలి, దానికి కోట్ల డాలర్లు కావాలి. ఆ డబ్బు పెట్రోల్ అమ్మితేనే రావాలి. అక్కడేమో గవర్నమెంటు పెట్రోల్ రేటు బాగా కిందకి నొక్కిపెట్టింది, ఎందుకంటే జనం అడిగేది ఒకటే, "నూనె మాది, నూనె డబ్బు మీరు తింటున్నారు, కనీసం పెట్రోలన్నా చవగ్గా పోయండి" అని. న్యాయమే కదా? 2012 జనవరి 1న సబ్సిడీ తీసేసి లీటరు వాళ్ళ కరెన్సీలో 65 నైరాల నుంచి 141కి పెంచితే దేశం మొత్తం రోడ్డెక్కింది, చివరికి 97 దగ్గర ఆపాల్సొచ్చింది. రేటు తక్కువ ఉంటే రిఫైనరీకి నష్టం, నష్టమొస్తే రిపేర్ లేదు, రిపేర్ లేకపోతే ఇంపోర్ట్, ఇంపోర్ట్ చేసినదానికి మళ్ళీ సబ్సిడీ. 2022 ఒక్క సంవత్సరంలో ఆ సబ్సిడీ 4 లక్షల కోట్ల నైరాలు దాటింది. ఇంకో తమాషా ఏంటంటే ఆ చవక పెట్రోల్ డబ్బాల్లో బోర్డర్ దాటి పక్క దేశం బెనిన్‌లో రోడ్ల మీద పెద్ద పెద్ద గాజు సీసాల్లో అమ్ముడుపోయేది, దానికో పేరు కూడా ఉంది, క్‌పాయో అంటారు. బెనిన్ గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక్కడ ఇంకో సంగతి. రిఫైనరీ నడవకపోతే అందరికీ నష్టం అనుకుంటాం, కాదు. ఓడ తెప్పించేవాడికి, లైసెన్స్ ఇచ్చేవాడికి, సబ్సిడీ బిల్లు రాసేవాడికి అదే జీవనాధారం. లోకల్‌గా తయారీ మొదలైతే వీళ్ళ షాపు కట్టేసుకోవాలి, అందుకే ఫ్యాక్టరీకి వ్యతిరేకంగా ఎవరూ ధర్నా చెయ్యరు, ఫైలు మాత్రం కదలదు. చెప్పాను కదా అవినీతి సంగతి నేనే చెప్తానని.

[కట్. పాత బ్లాక్ అండ్ వైట్ హార్బర్ ఫోటో]

కానీ అసలు జబ్బు ఇంతకంటే ముందే పట్టింది. 1970ల్లో నూనె రేట్లు ఒక్కసారిగా పెరిగి నైజీరియాకి డబ్బు వరదలా వచ్చింది. బ్యారకులు కట్టాలి, రోడ్లు వెయ్యాలి, బిల్డింగులు లేపాలి, సిమెంట్ కావాలి. 1975 నాటికి వాళ్ళు ఆర్డర్ చేసిన సిమెంట్ సుమారు 2 కోట్ల టన్నులు. లాగోస్ రేవు ఏడాదికి దించుకోగలిగింది ఎంతయ్యా అంటే 10 లక్షల టన్నుల చిల్లర! అంటే ఉన్న ఆర్డర్ దించడానికే ఇరవై ఏళ్ళు. వందల ఓడలు సముద్రంలో లంగరేసుకుని లైన్లో నిలబడ్డాయి. లేటయినన్ని రోజులకీ ఓడవాడికి డెమరేజ్ కట్టాలి, అది తెలిసి కొంతమంది తుక్కుకి పోవాల్సిన ఓడల్లో సిమెంటేసుకుని వచ్చి ఊరికే నిలబడ్డారు, సరుకు దించితే వచ్చేదానికంటే దించకుండా ఉంటే వచ్చేదే ఎక్కువ. ఈలోపు సముద్రపు గాలికి తేమ పట్టి సిమెంట్ ఓడల్లోనే రాయైపోయింది. వర్షాకాలంలో ఇల్లు కట్టినవాళ్ళకి తెలుసు, తడి తగిలిన బస్తా గడ్డకడితే మేస్త్రీ కాలితో తన్ని పక్కన పడేస్తాడు, అలాంటి బస్తాలు ఓడల నిండా ఊహించుకోండి. చరిత్రలో దీన్ని సిమెంట్ ఆర్మాడా, అంటే సిమెంట్ ఓడల దండు అంటారు.

నవ్వొస్తుంది కానీ ఆ టైంలో ఆ కుర్చీలో ఎవరున్నా అదే చేసేవాళ్ళేమో అనిపిస్తుంది నాకు. చేతిలో డాలర్లున్నాయి, కొంటే రేపొస్తుంది, ఫ్యాక్టరీ కడితే ఎనిమిదేళ్ళకి వస్తుంది.

దీన్ని మన పద్ధతిలో చెప్తా. ఒక ఊరు అనుకోండి. నాలుగు మగ్గాలున్నాయి, వేరుశనగ పండుతుంది, ఒక గానుగ ఉంది. ఒకరోజు చెరువు గట్టు కింద లంకెబిందెలు బయటపడ్డాయి, ఒక జత కాదు, తవ్వినకొద్దీ వస్తున్నాయి. ఇంకేముంది, మగ్గం మీద కూర్చునే కుర్రాడు మగ్గం దిగిపోయాడు, బిందెలు మోస్తే రోజుకి మూడింతలు ఇస్తున్నారు మరి. మిగిలినవాళ్ళ కూలి కూడా పెంచకపోతే ఉండరు, పెంచితే చీర రేటు పెరుగుతుంది, పక్కూరి సంతలో అదే చీర సగం రేటుకి ఉంది, ఊళ్ళో అందరి జేబులోనూ డబ్బుంది, ఇంకెందుకు ఈయన దగ్గర కొంటారు? గానుగ కూడా అంతే. తప్పు ఎవరూ చెయ్యలేదు, ఎవరికి లాభమైంది వాళ్ళు చేశారు, కానీ పదిహేనేళ్ళ తర్వాత బిందెలు తగ్గేసరికి మగ్గానికి చెద పట్టింది, పెద్దాయన పోయాడు, కొడుక్కి పడుగేదో పేకేదో తెలీదు.

ఎకనామిక్స్‌లో దీని పేరు డచ్ డిసీజ్. 1959లో నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ దగ్గర పెద్ద గ్యాస్ నిక్షేపం దొరికింది, తర్వాత వాళ్ళ మిగతా ఫ్యాక్టరీలు నీరసపడ్డాయి, 1977లో ది ఎకనామిస్ట్ పత్రిక ఈ పేరు పెట్టింది. మెయిన్ విషయం కరెన్సీ. నూనె డాలర్లు వచ్చిపడేసరికి దేశం కరెన్సీ బలపడుతుంది, దాంతో బయటి సరుకు చవకైపోతుంది, మీ సరుకు బయటివాడికి ఖరీదైపోతుంది. 1980 ప్రాంతంలో అఫీషియల్ రేటు ప్రకారం ఒక్క నైరా ఇస్తే డాలర్ కంటే ఎక్కువే వచ్చేది. అలాంటప్పుడు ఎవడు బట్టల మిల్లు పెడతాడు చెప్పండి, దిగుమతి లైసెన్స్ ఒకటి సంపాదిస్తే చాలు కదా.

[స్క్రీన్ మీద: కానోలో బస్తాల గోపురాల ఫోటో]

ఈ ఫోటో అనంతపురం వాళ్ళకి చూపిస్తే భలే ఇష్టపడతారు. ఇవి వేరుశనగ బస్తాలు. నైజీరియా ఉత్తరాన కానో అనే నగరంలో ఎక్స్‌పోర్ట్‌కి ముందు బస్తాలన్నీ ఇలా పిరమిడ్లలా పేర్చేవాళ్ళు, ఒక్కోదాంట్లో వేల బస్తాలు, అప్పట్లో ఆ దేశం గొప్పల్లో ఇదొకటి. నూనె రాకముందు నైజీరియా బతికింది వేరుశనగ, కోకో, పామాయిల్ మీదే. 70ల్లో కరువొచ్చింది, రోజెట్ తెగులొచ్చి పంటని తినేసింది, అది నిజమే, కానీ తెగులు పోయాక కూడా పిరమిడ్లు తిరిగి రాలేదు. అప్పటికి గవర్నమెంటుకి వేరుశనగ రైతుతో పని లేదు, డబ్బు డెల్టాలో భూమిలోంచి వస్తోంది కదా.

ఇప్పుడు మనకి బాగా దగ్గర కథ ఒకటి. అజావొకుటా. ఈ పేరు ఎప్పుడూ విని ఉండరు, కానీ దీనికి మన విశాఖ ఉక్కుకీ దాదాపు కవలపిల్లల సంబంధం. రెండిటికీ సోవియట్ వాళ్ళ సాయమే, రెండిటికీ 1979లోనే సోవియట్‌తో ఒప్పందాలు కుదిరాయి. అజావొకుటా నైజర్ నది ఒడ్డున ఉంది, దగ్గర్లోనే ఇటాక్పె అనే చోట సొంత ఇనుప ఖనిజం గని. మన విశాఖకి? సొంత గని లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు, ఖనిజం ఛత్తీస్‌గఢ్ బైలడిల్లా నుంచి రైల్లో కొండలు దిగి రావాలి. పేపర్ మీద చూస్తే ఎవరు గెలవాలి? 1990లో విశాఖలో బ్లాస్ట్ ఫర్నేస్, ఇనుము కరిగించే పెద్ద కొలిమి, వెలిగింది, 1992లో పీవీ నరసింహారావు గారు జాతికి అంకితం చేశారు. అజావొకుటా 90ల్లోనే 98 శాతం పూర్తయింది అన్నారు, ఇవాళ్టికీ ఆ మిగతా రెండు శాతం అలాగే ఉంది, ఉక్కు మాత్రం రాలేదు.

ఎందుకంటే, 80ల్లో నూనె రేటు పడిపోగానే డబ్బాగిపోయింది, కాంట్రాక్టర్లు ఆగిపోయారు, సోవియట్ యూనియన్నే లేకుండా పోయింది. గని నుంచి ప్లాంటు మీదుగా వారీ దాకా రైలు లైన్ 1987లో మొదలుపెట్టి 2020లో ఓపెన్ చేశారు, లెక్కేసుకోండి. రైలు లేకపోతే బొగ్గెలా వస్తుంది, ఉక్కెలా పోతుంది? మన దగ్గర విశాఖకి ముందే భిలాయి, రూర్కెలా, బొకారోల్లో ఒక తరం ఇంజనీర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు ఆ పని నేర్చేసుకున్నారు, పోర్టుంది, రైల్వే ఉంది, పైగా "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు కాబట్టి ఏ గవర్నమెంటొచ్చినా దాన్ని సగంలో వదిలేసే ధైర్యం లేదు. సొంత గని లేకపోవడం కూడా ఒక కారణమై విశాఖ ఉక్కు చాలా ఏళ్ళు నష్టాల్లో మూలిగింది, అది వేరే వీడియో, కామెంట్లలో కొట్టుకోకండి. కానీ ఉక్కు అయితే వస్తోంది. గని ఉన్నవాడికి రాలేదు.

ఇక కరెంటు. 20 కోట్లకి పైగా జనం ఉన్న నైజీరియాలో గ్రిడ్ ఇచ్చేది మామూలుగా 4,000, 5,000 మెగావాట్ల మధ్య. 4 కోట్ల లోపు జనం ఉన్న మన తెలంగాణ ఒక్కటే పీక్‌లో 15,000 దాటేసింది. అందుకని అక్కడ ఇంటికో జనరేటర్, అందులో చేత్తో పట్టుకెళ్ళే చిన్న రకానికి జనం పెట్టుకున్న ముద్దుపేరు "పక్కింటోడికంటే నేనే మేలు". ఎంత బాగుందో చూడండి. కానీ డీజిల్ జనరేటర్ మీద ఒక ప్లాస్టిక్ బకెట్ తయారుచేసి, కంటైనర్లో వచ్చిన చైనా బకెట్‌తో పోటీ పడమంటే ఎలా కుదురుతుంది?

[కట్. మళ్ళీ జీడిపప్పు ప్యాకెట్]

సరే, పలాస. బాబాయిని అదే అడిగా, వాళ్ళే ఎందుకు కొట్టుకోరు అని. ఆయన నవ్వి నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళారు. పిక్కల్ని ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, కట్టింగ్ చేసి, ఓవెన్లో వేడిచేసి, అప్పుడు ఆడవాళ్ళు కూర్చుని పైన పల్చటి పొట్టు తీస్తారు. ఒకావిడ పక్కన కాసేపు కూర్చున్నా, ఆవిడ చూడకుండానే తీసేస్తోంది, గింజ చేతిలోకి రావడం, వేలితో ఒక్క తోపు, పొట్టు ఒక పక్కకి, విరగని గుండు గింజ ఒక పక్కకి, నాతో మాట్లాడుతూనే. నేను ట్రై చేస్తే మొదటి మూడు బద్దలైపోయాయి. "మీరు తీస్తే మా ఓనరు అమ్ముడైపోతాడు" అంది. బద్దలైతే ఏమవుతుందంటే రేటు పడిపోతుంది, పౌండుకి 320 గుండ్ల లెక్కన అమ్మే రకానికి ఒక రేటు, బద్దకి ఒకటి, ముక్కకి ఒకటి, నూకకి ఒకటి.

ఇక్కడే నాకు లైట్ వెలిగింది. యూరప్ వాడికి, అమెరికా వాడికి ఎక్కువగా కావాల్సింది గుండే. మరి బద్ద, ముక్క, నూక ఎవరు కొంటారు? మనం! కాజు కత్లీ, ఉప్మా, పాయసం, బిర్యానీ మసాలా, ఏ స్వీట్ షాపు వెనక్కి వెళ్ళినా ముక్కల టిన్నులే. పలాస ఫ్యాక్టరీ పాడుచేసిన గింజని కూడా మన దేశం తినేస్తుంది. ఐవరీ కోస్ట్‌లో జీడిచెట్టుంది కానీ జీడిపప్పు తినే అలవాటు అంతంతమాత్రం, అక్కడి ఫ్యాక్టరీ చేతిలో పదింట మూడు విరిగితే ఆ మూడూ ఎవరికి అమ్మాలి? కొత్త ఫ్యాక్టరీలో విరిగేదే ఎక్కువ, అంటే నేర్చుకునే కాలంలో నష్టాన్ని మోసే లోకల్ మార్కెట్ లేదు. దానికి తోడు పంటంతా ఫిబ్రవరి నుంచి ఓ నాలుగు నెలల్లో వచ్చేస్తుంది, ఏడాదికి సరిపడా పిక్కలు అప్పుడే కొని పెట్టుకోవాలి, అంత అప్పు అక్కడి చిన్న ఫ్యాక్టరీకి ఏ బ్యాంకు తక్కువ వడ్డీకి ఇస్తుంది? మన వ్యాపారి డబ్బు పట్టుకుని తోట దగ్గరే నిలబడతాడు, రైతుకి ఆ రోజు డబ్బు ఆ రోజే కావాలి. తొక్కతో సహా ఓడెక్కేస్తుంది. ఆ తొక్క కూడా ఇక్కడ వేస్ట్ కాదు, కొంత జీడి నూనెకి, మిగిలింది బాయిలర్లోకి.

మరి మారినవాళ్ళు ఎవరూ లేరా అంటే ఉన్నారు. ఇండోనేసియా 2020 జనవరి నుంచి నికెల్ ముడి ఖనిజం ఎగుమతి ఆపేసింది, కావాలంటే ఇక్కడికొచ్చి కరిగించుకోండి అంది, చైనా కంపెనీలు సులవేసి దీవిలో మొరోవాలికి పరిగెత్తుకొచ్చి ప్లాంట్లు కట్టాయి. అది ఎందుకు చెల్లిందంటే ప్రపంచ నికెల్‌లో వాళ్ళ చెయ్యి అంత పెద్దది కాబట్టి. ఫ్రీగా ఏమీ రాలేదు, బొగ్గు పొగ, పాడైన సముద్రం, 2023 డిసెంబర్లో మొరోవాలి ప్లాంటులో పేలుడు జరిగి 21 మంది కార్మికులు చనిపోవడం, అవన్నీ ఆ లెక్కలోవే.

నైజీరియా కూడా ఒక చోట తిప్పుకుంది, ఎక్కడంటే ఆ సిమెంట్ దగ్గరే. కానోలో పాతకాలపు వేరుశనగ కుబేరుడు అల్హసన్ దాంతాతా అని ఉండేవాడు, ఆయన మునిమనవడే అలికో డాంగొటె. ఈయన 70ల చివర్లో మొదలైంది సిమెంట్, పంచదార ఇంపోర్ట్ వ్యాపారంతో. 2002లో గవర్నమెంటు, లోకల్‌గా ఫ్యాక్టరీ కట్టేవాడికే ఇంపోర్ట్ లైసెన్స్ అంది, ఈయన ఒబజానాలో ప్లాంటు కట్టాడు, ఇప్పుడు నైజీరియా సిమెంట్ ఎక్స్‌పోర్ట్ చేస్తోంది. పోటీ లేక రేటు బాదుతున్నాడని అక్కడి జనం తిట్టుకుంటారు, అది కూడా నిజమే. ఆ డబ్బుతో లాగోస్ పక్కన లెక్కిలో 20 బిలియన్ డాలర్ల దగ్గర్లో ఖర్చుపెట్టి రోజుకి 6,50,000 బ్యారెళ్ళ రిఫైనరీ లేపాడు. ఇంజనీరింగ్ పని మన ఇంజనీర్స్ ఇండియా కంపెనీ వాళ్ళది, మన దేశం నుంచి వేల మంది వెళ్ళి పనిచేశారు. 2024 సెప్టెంబర్లో పెట్రోల్ మొదలైంది. అయితే అంతకుముందు ఏడాది మే 29న కొత్త ప్రెసిడెంట్ టినుబు ప్రమాణ స్వీకారం రోజే సబ్సిడీ పోయింది అనేశాడు, 200 నైరాల లోపున్న లీటరు రోజుల్లోనే 500 దగ్గరికెళ్ళింది. ఇంకో ముక్క చెప్తే నమ్మరు, ఆ రిఫైనరీకి లోకల్ క్రూడ్ సరిపడా అందక అమెరికా నుంచి క్రూడ్ తెప్పించుకున్నారు.

[ప్యాకెట్ విప్పి ఒక గింజ తింటూ]

బెనిన్ గుర్తుందా, సీసాల్లో పెట్రోల్ అమ్మే దేశం? వాళ్ళు 2024 ఏప్రిల్ నుంచి పచ్చి జీడి పిక్కలు బయటికి పంపడం ఆపేశారు, గ్లో-జిబె అనే చోట ఇండస్ట్రియల్ జోన్ కట్టుకుని అక్కడే కొట్టుకుంటున్నారు. అందుకే గోడౌన్లో బెనిన్ సంచులు లేవు. నేను భలే ఉత్సాహంగా బాబాయితో మంచి పని చేశారు కదా అన్నా. ఆయన పొట్టు తీస్తున్న ఆడవాళ్ళ వైపు ఒకసారి చూసి, "మంచిదే బాబూ, ఆళ్ళు బాగుపడాలి గానీ, రేపు ఐవరీ కోస్టోళ్ళు కూడా ఆపీసినారనుకో, మా బాయిలర్లో ఏటెయ్యాలి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, ఈ ప్యాకెట్ కొనుక్కుని వచ్చేశా.